ల్యాబ్ పిండం, కడిగి తీసిన పిండం: గ్రేడు ఒకటే, గట్టిదనం వేరు

మైక్రోస్కోపు కింద రెండు ఆవు పిండాలు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. రెండూ ఏడో రోజువే, రెండూ బ్లాస్టోసిస్టులే (లోపల ద్రవం చేరి బుడగలా మారిన పిండాలు), రెండింటికీ గ్రేడు 1 అనే రాశారు. ఒకటి దాత ఆవు, అంటే పిండాన్నిచ్చే ఆవు, గర్భాశయాన్ని కడిగి తీసింది. రెండోది ల్యాబ్‌లో అండాన్ని పండించి, వీర్యంతో కలిపి, ఇంక్యుబేటర్‌లో పెంచింది. వీటిని తాజాగా గ్రహీత ఆవుల్లో, అంటే పిండాన్ని మోసే ఆవుల్లో, పెడితే చూడి కట్టడంలో తేడా ఉంటుంది గానీ మరీ పెద్దది కాదు. అదే రెండింటినీ గడ్డకట్టించి, కరిగించి పెడితే తేడా బాగా పెరుగుతుంది. ఒకే గ్రేడు పడ్డ రెండు పిండాలు ఇంత వేరుగా ఎందుకు నడుచుకుంటాయన్నదే ఇక్కడి చిక్కుముడి.

దీన్ని విప్పాలంటే ముందు ‘నాణ్యత’ అనే మాటను రెండుగా చీల్చాలి. వంద అండాల నుంచి ఎన్ని పిండాలొస్తాయి అన్నది ఒక ప్రశ్న. వచ్చిన పిండం ఎంత గట్టిది అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు అండంలో ఉంటుంది. రెండోదానికి జవాబు ఫలదీకరణ తర్వాత పిండం గడిపిన వారం రోజుల్లో ఉంటుంది. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయాన్ని తేటగా చూపించాయి. ఆవు ఒంట్లో పండిన అండాలు ఎక్కువ బ్లాస్టోసిస్టులనిచ్చాయి. కానీ వాటిని ఇంక్యుబేటర్‌లో పెంచితే ఆ బ్లాస్టోసిస్టులు గడ్డకట్టించడాన్ని తట్టుకోలేకపోయాయి. ల్యాబ్‌లోనే పండి, ల్యాబ్‌లోనే ఫలదీకరణ జరిగిన పిండాల్ని గొర్రె అండవాహికలో పెంచితే మాత్రం బాగా తట్టుకున్నాయి. సంఖ్య అండాన్ని బట్టి, గట్టిదనం పెరిగిన చోటును బట్టి అన్న సూత్రం అప్పటి నుంచి ఈ రంగానికి దిక్సూచిగా ఉంది.

కడిగి తీసిన పిండం ఎంత సహజం?

పిండమార్పిడితో తొలి దూడ 1951లో పుట్టింది, ల్యాబ్‌లో ఫలదీకరించిన తొలి దూడ 1981లో. 2016 నుంచి ప్రపంచంలో ఏటా తయారయ్యే ఆవు పిండాల్లో ల్యాబ్‌వే ఎక్కువ. అయితే పోల్చేటప్పుడు ల్యాబ్ పిండానికి ఎదురుగా మనం పెట్టేది నిజంగా సహజమైన పిండం కాదు. అది హార్మోన్లిచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు విడుదలయ్యేలా చేసిన దాత నుంచి వచ్చినది.

అక్కడ జరిగేది ఇది. దాతకు నాలుగు రోజులపాటు 12 గంటలకొకటి చొప్పున ఎనిమిది ఎఫ్‌ఎస్‌హెచ్ (ఎక్కువ అండాలు ఎదిగేలా చేసే హార్మోను) ఇంజెక్షన్లు, మోతాదు తగ్గించుకుంటూ ఇస్తారు. మూడో రోజున ఎదకు తెచ్చే హార్మోను ప్రోస్టాగ్లాండిన్ పడుతుంది. సాధారణంగా ఒకటిన్నర, రెండు రోజుల్లో ఆవు ఎదకొస్తుంది. ఎద మొదలైన 12 గంటలకు ఒకసారి, 24 గంటలకు ఇంకోసారి వీర్యం వేస్తారు. ఏడో రోజున తోక మొదట్లో మత్తిచ్చి, బెలూనున్న కాథెటర్‌ను గర్భాశయపు కొమ్ములోకి పంపి, ద్రవంతో కడిగి, ఆ ద్రవాన్ని 75 మైక్రోమీటర్ల కన్నాలున్న ఫిల్టరులో పట్టి పిండాల్ని ఏరుతారు. ఒక్క కడుగులో సగటున ఆరు దాకా పనికొచ్చే పిండాలొస్తాయి. ఈ సగటును నమ్ముకోవడం ప్రమాదం. ఒక ఆవు ఇరవై ఇస్తుంది, ఇంకో ఆవు ఒక్కటీ ఇవ్వదు. చికిత్స చేసిన దాతల్లో 20-30 శాతం నుంచి మంచి పిండం ఒక్కటి కూడా రాకపోవడం మామూలే.

ఈ హార్మోన్ల ఒత్తిడికి మూల్యం ఉంది. పది, పదిహేను పుటికలు (అండాశయంలో అండం పెరిగే ద్రవపు సంచులు) ఒకేసారి పెరిగితే ఈస్ట్రోజన్ మామూలు స్థాయిని దాటిపోతుంది. అన్ని అండాలూ ఒకే సమయానికి విడుదల కావు. ఆలస్యంగా దిగిన అండానికి అప్పటికే వీర్యకణాలు నీరసించి ఉంటాయి. అందుకే కడిగిన ద్రవంలో మంచి పిండాలతోపాటు ఫలదీకరణ జరగని అండాలు, నాలుగు కణాల దగ్గరో ఎనిమిది దగ్గరో ఆగిపోయినవీ కనిపిస్తాయి. అయినా అందులోంచి నిలబడిన పిండానికి ఒక గొప్ప బలం ఉంది. అది ఏ ఇంక్యుబేటరూ పూర్తిగా అనుకరించలేని అండవాహికలో మొదటి నాలుగు రోజులు గడిపింది.

ల్యాబ్‌లో ఎక్కడెక్కడ జారుతుంది

ల్యాబ్ పద్ధతిలో అల్ట్రాసౌండ్ ప్రోబుకు అమర్చిన సూదిని యోనిగోడ గుండా అండాశయంలోకి దించి 2 నుంచి 8 మిల్లీమీటర్ల పుటికల్లోని ద్రవాన్ని లాగుతారు. ఆ ద్రవంలో అండం తన చుట్టూ క్యుములస్ కణాల దుప్పటి కప్పుకుని వస్తుంది. పీల్చే ఒత్తిడి ఎక్కువైతే ఆ దుప్పటి ఊడిపోతుంది. అది ఊడిన అండం పండటం కష్టం. మూడు పొరలకు తగ్గకుండా బిగువుగా క్యుములస్ ఉండి, లోపలి పదార్థం ఒకే తీరుగా కనిపించే అండాలనే మొదటి రకంగా ఏరుకోవాలి. ఏరేటప్పుడు డిష్ చల్లబడకూడదు. మైక్రోస్కోపు బల్లను వేడిగా ఉంచుకోకపోవడం చిన్న పొరపాటుగా కనిపిస్తుంది, వారం తర్వాత బ్లాస్టోసిస్టుల సంఖ్యలో బయటపడుతుంది.

అసలు నష్టం మాత్రం అంతకుముందే మొదలైంది. ఆవు ఒంట్లో, పుటిక అండాన్ని నిద్రలోనే ఉంచుతుంది. అండం విడుదలకు పురిగొల్పే ఎల్‌హెచ్ హార్మోను ఉప్పెనలా వచ్చేదాకా క్రోమోజోముల విభజనను కదలనివ్వదు. ఆ వ్యవధిలో అండం తనకు ముందుముందు కావలసిన ఆర్‌ఎన్‌ఏను, ప్రోటీన్లను కూడబెట్టుకుంటుంది. ఆవు పిండం 8-16 కణాల దశకు చేరేదాకా చాలావరకు తల్లి అండం దాచిపెట్టిన ఈ నిల్వ మీదే బతుకుతుంది. పుటికలోంచి బయటికి లాగిన మరుక్షణం అండంలో దాన్ని నిద్రలో ఉంచే సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనం పడిపోతుంది, అది తనంతట తానే నిద్ర లేస్తుంది. 22-24 గంటల్లో కేంద్రకం పండిపోతుంది. కానీ చిన్న పుటికలోంచి వచ్చింది కాబట్టి నిల్వలు సగమే నిండి ఉంటాయి. పైకి పండినట్టే కనిపించే అండం 8-16 కణాల గడప దగ్గర కూలబడటానికి ఇదే ముఖ్య కారణం.

అందుకే లెక్క ఇలా నడుస్తుంది. వంద మంచి అండాలను పండిస్తే 80-90 పండుతాయి, 70-80 రెండు కణాలుగా విడిపోతాయి, చివరికి బ్లాస్టోసిస్టుగా తేలేవి సుమారు 30, బాగా నడిచే ల్యాబ్‌లో 40. మధ్యలో కరిగిపోయిన సగాన్ని చూసి వీర్యాన్నో ఇంక్యుబేటర్‌నో తిట్టుకోవడం కన్నా అండం ఎలాంటి పుటికలోంచి వచ్చిందో చూడటం మేలు. దాతకు ముందే కొన్ని ఎఫ్‌ఎస్‌హెచ్ మోతాదులిచ్చి, ఆపి, 40 గంటలకు పైగా విరామమిచ్చి అండాలు తీస్తే ఫలితం పెరుగుతుంది. ఆ విరామంలో పుటిక అండాన్ని కొంతైనా సిద్ధం చేస్తుంది. ఈ విరామాన్ని హడావుడిలో కుదించేస్తే ఇంజెక్షన్ల ఖర్చు దండగే.

ఫలదీకరణ దశలో కంటికి కనిపించని తప్పు ఒకటుంది. ఆవు ఒంట్లో కోట్ల వీర్యకణాలు బయల్దేరినా అండం దాకా చేరేవి చాలా కొద్ది. పైగా అండవాహిక స్రావాలు అండం పైపొర జోనా పెల్యూసిడాను గట్టిపరుస్తాయి. డిష్‌లో ఆ రక్షణ లేదు, మిల్లీలీటరుకు పది, ఇరవై లక్షల కణాలు అండాన్ని చుట్టుముడతాయి. రెండు వీర్యకణాలు లోపలికి దూరితే క్రోమోజోముల లెక్క తప్పుతుంది. అలాంటి పిండం కూడా ఒకటి రెండు విభజనలు చక్కగానే జరుపుకుంటుంది. విభజన శాతం బాగుందని సంతోషించి, బ్లాస్టోసిస్టులు ఎందుకు తక్కువయ్యాయో అర్థంకాని సందర్భాల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే. ఎద్దు మారినప్పుడల్లా హెపారిన్ (వీర్యకణాల్ని ఫలదీకరణకు సిద్ధం చేసే పదార్థం) మోతాదు, వీర్యకణాల సాంద్రత సరిచూసుకోవాలి. ఒక ఎద్దుకు కుదిరిన మోతాదు ఇంకో ఎద్దుకు కుదురుతుందన్న హామీ లేదు.

తర్వాతి ఏడు రోజులే గట్టిదనాన్ని నిర్ణయించేవి. అండవాహికలో ఆక్సిజన్ గాలిలో ఉన్నంత ఉండదు, ద్రవం నిలవ ఉండదు, వ్యర్థాలు పేరుకోవు. ఇంక్యుబేటర్‌లో 38.5 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డై ఆక్సైడ్ ఇస్తాం. ఆక్సిజన్‌ను నత్రజనితో 5 శాతానికి దించితే పిండాలు స్పష్టంగా మెరుగుపడతాయి. గాలిలో ఉన్న 20 శాతంతోనే వదిలేస్తే స్వేచ్ఛా రాడికల్స్ కణాల్ని దెబ్బతీస్తాయి. పిండం పెరిగే ద్రవం, అంటే మాధ్యమం, చుక్క మీద పోసే మినరల్ ఆయిల్ పాతబడి పెరాక్సైడ్లు చేరినా ఇదే దెబ్బ. మాధ్యమంలోని అమైనో ఆమ్లాలు 38.5 డిగ్రీల దగ్గర మెల్లగా విరిగి అమ్మోనియా వదులుతాయి. అందుకే మధ్యలో కొత్త మాధ్యమం పోయడం మంచిది.

వీటన్నిటికన్నా పెద్ద మలుపు సీరం. పశువుల రక్తం నుంచి తీసిన సీరం కలిపితే పిండాలు చకచకా బ్లాస్టోసిస్టులవుతాయి, సంఖ్య బాగుంటుంది. కానీ లోపల కొవ్వు బిందువులు పేరుకుంటాయి, జన్యువుల పనితీరు గాడి తప్పుతుంది. దాని ఫలితం కొన్నిసార్లు తొమ్మిది నెలల తర్వాత, ఈనేటప్పుడు కనిపిస్తుంది. సంఖ్య కోసం సీరం వాడటాన్ని సమర్థించడానికి ఇప్పుడు కారణమేమీ మిగల్లేదు.

పిండం లోపల తేడా ఎలా ఉంటుంది

కడిగి తీసిన పిండం లేతగా, కణాలు ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ల్యాబ్ పిండం తరచుగా ముదురు రంగులో, రవ్వరవ్వగా కనిపిస్తుంది. ఆ నలుపు కొవ్వు బిందువులదే. కొవ్వు ఎక్కువ కాబట్టి ల్యాబ్ పిండం సాంద్రత కూడా తక్కువ. అయితే రంగు ఒక్కదాన్నే చూసి తీర్పివ్వకూడదు. జెర్సీ ఆవుల పిండాలు కడిగి తీసినవైనా ముదురుగానే ఉంటాయి, అవి గడ్డకట్టించడాన్ని తట్టుకోవడంలోనూ వెనకబడతాయి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ల్యాబ్ పిండంలో కణాల మధ్య అతుకులు వదులుగా ఉంటాయి, ఉపరితలం మీది సూక్ష్మమైన కేశాల్లాంటి మైక్రోవిల్లై పలచబడతాయి. బ్లాస్టోసిస్టులో దూడగా మారే లోపలి కణాల ముద్ద, మాయగా మారే బయటి పొర అని రెండు భాగాలుంటాయి. ల్యాబ్‌లో ఈ రెండింటి నిష్పత్తి చెదరడం తరచుగా కనిపిస్తుంది.

క్రోమోజోముల సంగతి మరింత ఆసక్తికరం. కొన్ని కణాల్లో క్రోమోజోముల జతలు లెక్కకు మించి ఉండే మిశ్రమ స్థితి కడిగి తీసిన బ్లాస్టోసిస్టుల్లో సుమారు నాలుగోవంతులో కనబడితే, ల్యాబ్ బ్లాస్టోసిస్టుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల్లో కనబడిందని 1999లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇది చదవగానే బెదిరిపోనక్కర్లేదు. చాలా పిండాల్లో అలాంటి కణాలు పదో వంతుకన్నా తక్కువే. మాయగా మారే పొరలో కొన్ని కణాలు ఇలా ఉన్నా పిండం మామూలుగా ఎదగగలదు. లోపలి ముద్దలో ఉన్నప్పుడే చిక్కు.

జోనా తేడా వ్యాధుల విషయంలో ముఖ్యం. వైరస్ లేకుండా చేయడానికి పిండాన్ని పదిసార్లు, ప్రతిసారీ కనీసం వంద రెట్లు పలచన చేస్తూ కడగడం, అవసరమైతే ట్రిప్సిన్ అనే ఎంజైము వాడటం ప్రామాణిక పద్ధతి. ఈ పద్ధతి కడిగి తీసిన పిండాల మీద రుజువైనది. ల్యాబ్ పిండపు జోనాకు బీవీడీ (పశువులకు వచ్చే ఒక వైరల్ విరేచనాల జబ్బు) వైరస్ వంటివి మరింత మొండిగా అంటుకుంటాయి. కాబట్టి ల్యాబ్ పిండాల్లో కడుగుడు మీదే భారం వేయకుండా అండాలిచ్చే దాతనూ, వీర్యాన్నీ, వాడే సీరం, ఆల్బుమిన్ వంటి జంతు ఉత్పత్తులనూ ముందే పరీక్షించాలి.

గ్రేడు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

అంతర్జాతీయంగా వాడే పద్ధతిలో పిండానికి రెండు అంకెలుంటాయి. దశకు 1 నుంచి 9, నాణ్యతకు 1 నుంచి 4. మోరులా (బుడగ ఇంకా ఏర్పడని కణాల ముద్ద) 4, తొలి బ్లాస్టోసిస్టు 5, బ్లాస్టోసిస్టు 6, విచ్చుకున్నది 7. నాణ్యతలో కణ పదార్థం కనీసం 85 శాతం చెక్కుచెదరకుండా ఉంటే గ్రేడు 1, సగానికి తగ్గకపోతే 2, నాలుగోవంతుకు తగ్గకపోతే 3, చనిపోయింది లేదా శిథిలమైంది 4. ఈ కొలబద్దను కడిగి తీసిన పిండాల్ని చూసి తయారుచేశారు. అది చూసేది బయటి ఆకారాన్ని. కొవ్వును, అతుకుల బిగువును, జన్యువుల పనితీరును చూడదు. కాబట్టి ‘గ్రేడు 1’ అన్నది ఒకే పద్ధతిలో తయారైన పిండాల మధ్య నమ్మకమైన కొలత. రెండు పద్ధతుల మధ్య కాదు.

ఇంకో ఉచ్చు వయసులో ఉంది. కడిగి తీసిన పిండానికి ఏడో రోజు అంటే ఎద మొదలైనప్పటి నుంచి ఏడు రోజులు. అండం విడుదలయ్యేది ఎద మొదలైన సుమారు 28-30 గంటలకు. అంటే ఆ పిండం అసలు వయసు ఆరు రోజులకు కాస్త అటూ ఇటూ. ల్యాబ్‌లో రోజుల లెక్క వీర్యం కలిపిన గంట నుంచి మొదలవుతుంది, ఆ పిండానికి నిజంగానే ఏడు రోజులు. ఒకటి మోరులాగా, ఇంకోటి విచ్చుకున్న బ్లాస్టోసిస్టుగా కనిపించడంలో వింతేమీ లేదు. ‘ల్యాబ్‌ది త్వరగా పెరిగింది’ అనుకోవడం పొరపాటు. అందుకే ఏడో రోజు ల్యాబ్ పిండాన్ని ఎదకొచ్చి ఏడు నుంచి ఎనిమిది రోజులైన గ్రహీతలో పెడతారు. తేడా 24 గంటలు దాటితే ఎంత మంచి పిండమైనా గర్భాశయంతో జత కుదరదు.

ఆకారం చాలకపోతే ఏం చూడాలి? వీర్యం కలిపిన 30 గంటల అటూ ఇటుగా తొలి విభజన ముగించిన పిండాలు, ఆలస్యంగా విడిపోయిన వాటికన్నా ఎక్కువగా బ్లాస్టోసిస్టు దాకా వెళతాయి. కొన్ని పిండాల్ని బలి ఇచ్చి రంగు వేసి కణాలు లెక్కించవచ్చు, చనిపోతున్న కణాల్ని గుర్తించవచ్చు. ఒక బ్యాచ్‌ను పరీక్షించడానికి అన్నిటికన్నా నిజాయితీ గల పరీక్ష మాత్రం గడ్డకట్టించి, కరిగించి, 24, 48, 72 గంటల్లో ఎన్ని తిరిగి విచ్చుకున్నాయో, ఎన్ని జోనాను చీల్చుకుని బయటికొచ్చాయో చూడటం. ఏ ల్యాబ్ పిండాలైనా కొనేముందు ఈ అంకె అడగడం సబబు.

గడ్డకట్టించినప్పుడు బయటపడే నిజం

కడిగి తీసిన పిండాన్ని చలి దెబ్బ నుంచి కాపాడే 1.5 మోలార్ ఇథిలీన్ గ్లైకాల్‌తో స్ట్రా అనే సన్నని గొట్టంలోకి ఎక్కించి, మైనస్ 6 డిగ్రీల దగ్గర మంచు మొలకెత్తించి, నిమిషానికి అర డిగ్రీ చొప్పున మైనస్ 32-35 దాకా దించి, ద్రవ నత్రజనిలో ముంచుతారు. వాడేనాడు కొన్ని క్షణాలు గాలిలో, తర్వాత గోరువెచ్చని నీటిలో ఉంచి నేరుగా ఆవులో పెట్టేయవచ్చు. మైక్రోస్కోపు అక్కర్లేదు, కృత్రిమ గర్భధారణ చేసినంత తేలిక.

ల్యాబ్ పిండం ఈ నిదానపు చలిని అంత తేలిగ్గా ఓర్చుకోదు. కొవ్వు బిందువులు, గట్టిపడే పొరలు, వదులైన అతుకులు కలిసి దెబ్బతీస్తాయి. అందుకే విట్రిఫికేషన్ వాడతారు. రక్షక ద్రావణం సాంద్రత బాగా పెంచి, పిండాన్ని అతి చిన్న చుక్కలో, మంచు స్ఫటికం ఏర్పడే వ్యవధి కూడా ఇవ్వకుండా నత్రజనిలో ముంచడం. బతికే శాతం పెరుగుతుంది. కానీ సాంద్రమైన ద్రావణంలో నిమిషంలోపు పని ముగించాలి, ఆలస్యమైతే అదే విషం. కరిగించేటప్పుడు సుక్రోజ్ ద్రావణాల్లో మెట్లుమెట్లుగా రక్షకాన్ని కడగాలి. ఈ పని తెలిసిన మనిషి పశువుల పాకదాకా రావాలి. సీరం లేకుండా పెంచిన ల్యాబ్ పిండాల్ని నేరుగా పెట్టే పద్ధతిలో గడ్డకట్టించడం ఇప్పుడు సాగుతోంది, ఫలితాలు మాత్రం ల్యాబ్ నుంచి ల్యాబ్‌కు చాలా మారతాయి.

మంచి గ్రహీతలు, చేయి తిరిగిన మనిషి ఉన్నచోట కడిగి తీసిన తాజా పిండాలతో వందకు 60 దాకా, గడ్డకట్టించినవాటితో 50కి పైగా చూడి కడతాయి. తాజా ల్యాబ్ పిండాలతో 40-50, గడ్డకట్టించినవాటితో అంతకన్నా తక్కువ ఆశించడం వాస్తవికంగా ఉంటుంది.

చూడి కట్టాక

తేడా ఏడో రోజుతో ముగియదు. పన్నెండు, పదమూడో రోజు తర్వాత పిండం గుండ్రటి రూపం వదిలి దారంలా సాగి, పదహారు, పదిహేడో రోజుకు తల్లికి ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్ ద్వారా తన ఉనికి తెలపాలి. కొన్ని ల్యాబ్ పిండాలు ఇక్కడే చాలినంత సాగక రాలిపోతాయి. నెల దాటాక కూడా ల్యాబ్ చూడిలో నష్టం కడిగి తీసిన దానికన్నా ఎక్కువ, ఎందుకంటే మాయ రక్తనాళాలు సరిగా అల్లుకోని సందర్భాలుంటాయి. 30 రోజుల స్కానింగులో చూడి అని తేలగానే లెక్క మూసేయకుండా 60, 90 రోజుల్లో మళ్లీ చూడాలి.

సీరం, సహకణాలతో (పిండంతోపాటు డిష్‌లో ఉంచే ఇతర కణాలతో) పెంచిన రోజుల్లో పెద్ద దూడల సమస్య తీవ్రంగా ఉండేది. మామూలుకన్నా బాగా బరువైన దూడ, ఆలస్యమయ్యే ఈత, కొన్నిట్లో మాయ నీరు విపరీతంగా చేరి తల్లి పొట్ట ఉబ్బడం. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన ప్రతుల్లో ఒకటే పనిచేయాల్సిన కొన్ని జన్యువుల మీది రసాయన గుర్తులు మొదటి వారంలోనే చెదరడం దీనికి మూలం. సీరం తీసేశాక ఇది బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. కాబట్టి ల్యాబ్ పిండానికి మొదటి ఈత పెయ్యకన్నా ఇప్పటికే సులువుగా ఈనిన, కటి వెడల్పున్న ఆవును గ్రహీతగా ఎంచుకోవడం మంచిది. అలాంటి మందలో పుట్టిన ప్రతి దూడ బరువూ, చూడి రోజులూ రాసిపెట్టుకోవాలి.

ల్యాబ్ గెలిచే చోటు

పిండానికి పిండం పోలిస్తే కడిగి తీసినదే గట్టిది. దాతకు దాత పోలిస్తే లెక్క తిరగబడుతుంది. ఒక దాతను 60 రోజులకు ఒకసారి కడిగి ఆరు పిండాలు తీసి, 60 శాతం చూడి కడితే మూడో నాలుగో చూళ్లు. అదే దాత నుంచి పదిహేను రోజులకోసారి, నాలుగుసార్లు, పన్నెండేసి మంచి అండాలు తీసి 30 శాతం బ్లాస్టోసిస్టులయ్యాయనుకుంటే పద్నాలుగు పిండాలు. 40 శాతం చూడి కట్టినా ఐదారు. అండాలు ఎక్కువగా ఇచ్చే జెబు (మూపురం ఉండే) జాతుల్లో ఈ తేడా ఇంకా పెద్దది. కానీ ఇందులో పద్నాలుగు గ్రహీతల మేత, ఎద కట్టించే మందులు కూడా ఉన్నాయి. పిండం చవక అనుకుని గ్రహీతల ఖర్చు మరిచిపోయిన మందల్లో లెక్క తప్పేది ఇక్కడే.

హార్మోన్లకు స్పందించని ఆవులు, అండవాహికలు మూసుకుపోయినవి, తొలి మూడు నెలల చూడితో ఉన్నవి, ఈ అన్నిటి నుంచీ అండాలు తీయవచ్చు. ఆడ, మగ దూడల్లో కోరుకున్నదే పుట్టేలా వేరుచేసిన ఖరీదైన లింగ నిర్ధారిత వీర్యం ఒక్క స్ట్రాతో ఎన్నో అండాల్ని ఫలదీకరించవచ్చు. అదే వీర్యాన్ని హార్మోన్లిచ్చిన దాతకు వేస్తే ఫలదీకరణ శాతం పడిపోతుంది.

అధిక పాలిచ్చే ఆవుల్లోనైతే ఒంట్లోని వాతావరణం కూడా ఎప్పుడూ అనుకూలం కాదు. ఈనిన కొత్తలో ఒంటి కొవ్వు కరిగించుకుంటూ పాలిచ్చే ఆవు అండాలు బలహీనంగా ఉంటాయి, ఏడో రోజుకు మిగిలే మంచి పిండాలు పెయ్యల్లోకన్నా బాగా తక్కువ. ఎండ తీవ్రతకు ఆవు ఒళ్లు వేడెక్కినప్పుడు ఫలదీకరణ తర్వాతి ఒకటి రెండు రోజుల పిండం అన్నిటికన్నా సులువుగా చస్తుంది, ఏడో రోజు పిండం చాలావరకు తట్టుకుంటుంది. వేడి రోజుల్లో కృత్రిమ గర్భధారణకన్నా పిండమార్పిడితో చూడి శాతం మెరుగ్గా ఉండటానికి కారణం ఇదే. ఆ ప్రమాదకరమైన మొదటి రోజుల్ని ల్యాబ్ పిండం 38.5 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోనే గడిపేసి వస్తుంది.